చెట్లెక్కిన అడ్డతీగ: కొట్టెయ్యాలా, ఉంచాలా?

కొండవార_టీచర్:
అందరికీ నమస్కారం. మాది అడ్డతీగల ఊరి దగ్గర కొండ కింద పల్లె. మా అయ్య సాగు చేసిన నేలకు హక్కుపత్రం ఉంది. అందులో సగం జీడిమామిడి, కొన్ని మామిడి చెట్లు. ఎగువ అంచున పాత మద్ది, వేగిస, తాని చెట్లు వరసగా ఉన్నాయి. వాటిని అయ్య కొట్టకుండా వదిలాడు. ఆ వరస మీద అడ్డతీగ పైదాకా పాకి, ఇప్పుడు మామిడి మీదికీ దిగుతోంది. పక్క చేను పెద్దాయన "అది చెట్టు రసం పీల్చేస్తుంది, మొదలంటా నరికెయ్" అంటున్నాడు. ఇంట్లో ఆడవాళ్లేమో ఆకు కోసి విస్తర్లు కుట్టి అమ్ముతారు, తీగ జోలికి వెళ్లొద్దంటున్నారు. నిజంగా అది చెట్టును తింటుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

విజయనగరం_బోటనీ:
నమస్తే మాస్టారూ. ముందు ఒక అనుమానం తీరుద్దాం. అడ్డతీగ చెట్టు రసం పీల్చదు. దాని వేళ్లు నేలలోనే ఉంటాయి, నీళ్లూ లవణాలూ అక్కడినుంచే తెచ్చుకుంటుంది. ఆకులు పచ్చగా ఉంటాయి కాబట్టి తిండి తనే వండుకుంటుంది. రసం పీల్చేవి వేరే. మామిడి కొమ్మలో వేరు దించి గుబురుగా పెరిగే బదనిక, డొంకల మీద పసుపు దారాల్లా పరుచుకునే సీతమ్మ పోగునూలు ఆ జాతివి. సీతమ్మ పోగునూలుకు మొలిచిన కొన్నాళ్లకే నేలతో సంబంధం తెగిపోతుంది. అడ్డతీగను మొదలు దగ్గర నరికితే పైన ఎంత గుబురున్నా ఎండిపోతుంది. చెట్టులోంచి తాగేదైతే ఎండదు కదా.

కొయ్య కాండం ఉండి, నేలలో వేరుండి, నిలబడటానికి పక్క చెట్టును పట్టుకునే మొక్కలను వృక్షశాస్త్రంలో లియానాలు అంటారు. మన అడవుల్లో అడ్డతీగ, గిల్లతీగ, తీగమోదుగ, శీకాయ, మాధవీలత, పొడపత్రి అన్నీ ఈ కోవలోవే.

రిటైర్డ్_రేంజర్:
మేడమ్ చెప్పింది కరెక్టే, కానీ సగమే. రసం పీల్చకపోతే మాత్రం హాని లేదని ఎవరన్నారు? నా సర్వీసంతా అడవిలోనే గడిచింది. తీగ ఎక్కిన చెట్టు తల వంకర పోతుంది, ఎండ అందక కొమ్మలు చస్తాయి. గాలివానకు ఒక చెట్టు పడితే తీగ కట్టిన పక్క చెట్లు రెండు మూడు దానితోపాటే కూలతాయి. ఉత్తరాది సాల అడవుల్లో అడ్డతీగను ఫారెస్టువాళ్లు శత్రువులాగే చూశారు. అడవి పనులకు వేసే వర్కింగ్ ప్లాన్లలో తీగ కోత అని ప్రత్యేకంగా పని ఉండేది. కలప కొట్టే చోట నరకడానికి నెలల ముందే తీగలు కోసి ఎండబెట్టాలి. లేకపోతే కొట్టిన చెట్టు ఎటు పడుతుందో దేవుడికే తెలియాలి. కూలీల ప్రాణాలు పోయిన సంగతులు ఉన్నాయి. టీచర్ గారూ, పండ్ల చెట్టు మీద తీగను ఉంచే ప్రశ్నే లేదు.

టెర్రస్_తోట:
మధ్యలో వస్తున్నందుకు సారీ. మర్రి ఊడలు కూడా లియానాలేనా? కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూశాక ఈ డౌట్ వచ్చింది.

విజయనగరం_బోటనీ:
కాదండీ. అక్కడ దిశే తిరగబడింది. తీగ కిందినుంచి పైకి పోతుంది, మర్రి ఊడ పైనుంచి కిందికి దిగుతుంది. పిట్ట రెట్టలో మర్రి గింజ తాడి చెట్టు తల మీద పడి మొలిస్తే, వేళ్లు నేలకు చేరేదాకా అది పైనే బతుకుతుంది. నేల అందాక వేళ్లు లావెక్కి ఆ తాడిని చుట్టేసి నొక్కేస్తాయి. చివరికి తనకంటూ మాను ఉంటుంది. లియానాకు ఎంత వయసొచ్చినా సొంతంగా నిలబడే మాను రాదు.

చిన్నప్పుడు మాత్రం చాలా లియానా మొలకలు మామూలు మొక్కల్లాగే నిటారుగా నిలబడతాయి. మోకాలి ఎత్తో నడుం ఎత్తో వచ్చాక పట్టు వెతుక్కుంటాయి. అందుకే అడవిలో మొలకను చూసి ఇది తీగో చెట్టో చెప్పడం కష్టం.

జార్జియా_తెలుగు:
అట్లాంటా దగ్గర ఉంటాను. మా హైవేల పక్కన కుడ్జు అనే తీగ ఉంది, చూస్తే భయం వేస్తుంది. చెట్లు, కరెంటు స్తంభాలు, పాడుబడ్డ ఇళ్లు అన్నిటి మీదా పచ్చ దుప్పటి కప్పేసింది. 1876లో ఫిలడెల్ఫియా ఎగ్జిబిషన్‌కు జపాన్ వాళ్లు తెచ్చారట. 1930లలో మట్టి కోత ఆపడానికని ప్రభుత్వమే రైతులకు డబ్బిచ్చి నాటించింది. ఇప్పుడు పీకలేక చస్తున్నారు. కాబట్టి నా ఓటు రేంజర్ గారికే.

విజయనగరం_బోటనీ:
కుడ్జు మంచి ఉదాహరణే, కానీ ఈ కేసుకు అతకదు. అది తూర్పు ఆసియాది. అమెరికాలో దాన్ని అదుపులో పెట్టే పురుగులూ రోగాలూ దానితోపాటు రాలేదు. అడ్డతీగ ఇక్కడిదే. మన తూర్పు కనుమల చెట్లు దానితోనే పెరిగాయి.

ఇంకో సంగతి. మన మాధవీలత పూలు, వాసన, కవిత్వం అన్నీ మనకు ముద్దే. దాని కాయకు మూడు రెక్కలుంటాయి, గాలిలో గిరగిరా తిరుగుతూ పోతుంది. తోటల అందానికని హిందూ మహాసముద్రంలోని మారిషస్, రీయూనియన్ దీవులకు తీసుకెళ్తే అక్కడి అడవులను కమ్మేసింది. ప్రపంచంలోని 100 అతి చెడ్డ ఆక్రమణ జాతుల జాబితాలో కుడ్జు పక్కన మాధవీలత కూడా ఉంది. ఇక్కడ మాత్రం ఎవరినీ ఏమీ అనదు. తీగ మంచిదా చెడ్డదా అనే ముందు అది ఎక్కడ ఉందో అడగాలి.

లెక్కల_మనిషి:
అన్నీ అనుభవాలే చెబుతున్నారు. ఎవరైనా కొలిచారా? తీగ ఉన్న అడవి, తీసేసిన అడవి పక్కపక్కన పెట్టి?

విజయనగరం_బోటనీ:
కొలిచారు. పనామాలో, బారో కొలరాడో దీవికి ఎదురుగా హిగాంటే ద్వీపకల్పంలో. 80 మీటర్ల పొడవు, 80 మీటర్ల వెడల్పు ఉన్న 16 ముక్కలు తీసుకుని, 2011లో ఎనిమిదింటిలో తీగలన్నీ కోసేశారు, ఎనిమిదింటిని అలాగే వదిలారు. మొదటి మూడేళ్ల ఫలితం 2015లో అచ్చయింది. తీగలున్న ముక్కల్లో అడవి ఏటా నికరంగా పోగుచేసుకునే కార్బన్ 76 శాతం తక్కువ. చెట్లు పెరగడం తగ్గింది, చావడం పెరిగింది. చెట్టు కోల్పోయిన దాన్ని తీగ తన ఒంట్లో భర్తీ చెయ్యదు. మాను కట్టుకోదు కదా, వచ్చిందంతా ఆకుకే పెడుతుంది. ఆకు ఏడాదిలో రాలి కుళ్లిపోతుంది, కొయ్య వందేళ్లుంటుంది.

రిటైర్డ్_రేంజర్:
చూశారా! 76 శాతం!

విజయనగరం_బోటనీ:
ఆగండి రేంజర్ గారూ, అదే ముక్కల్లో పిట్టలను కూడా చూశారు. తీగలు కోసేసిన చోట పురుగులు తినే పిట్టలు తగ్గాయి. తీగల చిక్కులో ఎండుటాకులు పోగుపడతాయి, అందులో పురుగులుంటాయి, వాటికోసం పిట్టలొస్తాయి. కార్బన్ ఒక్కటే లెక్కయితే కోసెయ్యొచ్చు. అడవంటే అదొక్కటే కాదు.

బెట్లుడుత:
పిట్టలే కాదు మేడమ్. మారేడుమిల్లి వైపు ఫొటోలు తీస్తుంటాను, నా పేరు చూస్తే తెలుస్తుంది ఏ జంతువు పిచ్చో. బెట్లుడుత నేల మీదికి దిగడం చాలా అరుదు. చెట్టు తల నుంచి చెట్టు తలకు గెంతుతుంది, గెంతలేని చోట తీగ పట్టుకుని దాటుతుంది. దేవాంగపిల్లి అసలు గెంతదు, ఒక్కో అడుగే వేస్తూ పోతుంది. కొమ్మకీ కొమ్మకీ మధ్య తీగ లేకపోతే దానికి ఆ చెట్టే ఊరు, ఆ చెట్టే జైలు. రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు తెగేది ఈ తీగలే. తర్వాత అవి నేల మీదికి దిగి బండ్ల కింద పడతాయి.

పాడేరు_మిరియం:
ఒక్క మాట. మిరియం కూడా కొయ్య తీగేనండి! మా దగ్గర కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల మీదికి ఎక్కిస్తాం. చెట్టుకి ఏమీ కాలేదు ఇన్నేళ్లలో. తమలపాకు తీగ అవిసె మీద ఉండదా? ద్రాక్ష కూడా తీగే. ఇన్ని తీగలమీద బతుకుతూ తీగలు శత్రువులంటే ఎలా?

విజయనగరం_బోటనీ:
భలే పట్టుకున్నారు. మిరియం, తమలపాకు వేళ్లతో అతుక్కునే రకం. కణుపు దగ్గర చిన్న వేళ్లు పుట్టి బెరడుకు అంటుకుంటాయి. ఆ వేళ్లు పట్టుకోవడానికే గాని తాగడానికి కావు. సిల్వర్ ఓక్ కొమ్మలు మీరు నరుకుతూ ఉంటారు, మిరియం మానును దాటి తల మీదికి పోదు. అందుకే గొడవ లేదు. అడవిలో తీగ తల మీదికి పోయి ఎండ ఆపుతుంది.

మిరియంలో ఇంకో వింత ఉంది, మీకు తెలిసిందే. నిటారుగా పాకే కొమ్మ వేరు, పక్కకు వచ్చి కాయలు కాసే కొమ్మ వేరు. పాకే కొమ్మ నాటితే తీగ వస్తుంది. కాసే పక్క కొమ్మ నాటితే పాకడం మరిచిపోయి పొదలా ఉండిపోతుంది.

పాడేరు_మిరియం:
అవునండీ, బుష్ పెప్పర్ అంటాం. కుండీల్లో పెట్టుకోడానికి నర్సరీలో అదే అమ్ముతారు. హైదరాబాదు టెర్రస్ తోట వాళ్లకి బాగుంటుంది.

కొండవార_టీచర్:
మేడమ్, మా పిల్లలకు చెప్పాలని ఉంది. అసలు తీగ చెట్టును ఎలా పట్టుకుంటుంది? అడ్డతీగకు మిరియంలా వేళ్లు కనబడవు.

విజయనగరం_బోటనీ:
దీని మీద గట్టిగా పనిచేసింది డార్విన్. ఒంట్లో బాగోక గదిలోనే ఉండాల్సి వచ్చినప్పుడు కుండీల్లో తీగ మొక్కలు పెట్టుకుని గంట గంటకూ వాటి కొసలు ఎటు తిరిగాయో రాసుకున్నాడు. 1865లో దాన్ని ప్రచురించాడు. తీగ కొస ఊరికే పైకి పెరగదు, గాలిలో వలయం గీస్తూ వెతుకుతుంది. ఎండాకాలం పగటిపూట హాప్ తీగ (దీని పూలు బీరులో వేస్తారు) ఒక చుట్టు తిరగడానికి సగటున 2 గంటల 8 నిమిషాలు పట్టిందని ఆయన లెక్క. సెరోపీజియా అనే ఇంకో తీగ కొస అడ్డంగా 5 అడుగులు దాటిన వలయం గీసింది.

పట్టుకునే తీరులు నాలుగైదు. కాండమే చుట్టుకునేది ఒకటి: తిప్పతీగ, గురివింద, పొడపత్రి, తీగమోదుగ. ముళ్లతో కొక్కెం వేసుకునేది ఇంకొకటి: శీకాయ, పరికి, గచ్చ, తోటల్లో కాగితపు పూల మొక్క. పేము కూడా ఇంతే, కాకపోతే అది తాటి ఈత కుటుంబం మొక్క, ఏళ్లు గడిచినా లావెక్కదు. వేళ్లతో అతుక్కునేది మిరియం రకం. నులితీగలతో పట్టుకునేది నల్లేరు, ద్రాక్ష, మీ అడ్డతీగ. అడ్డతీగ లేత కొమ్మను చూడండి. జంటగా నులితీగలు చుట్టలు చుట్టుకుని ఉంటాయి. దేన్నైనా తాకితే బిగుసుకుని, కొన్నాళ్లకు కొయ్యలా గట్టిపడతాయి. ఎండిన నులితీగను ఊడదీయాలంటే కత్తి కావాల్సిందే.

మీ సమస్యకు పనికొచ్చే సంగతి ఇక్కడే ఉంది. నులితీగ సన్నటి కొమ్మలనే పట్టుకోగలదు. నున్నటి పెద్ద మద్ది మానును అడ్డతీగ నేరుగా ఎక్కలేదు. పక్క పొద మీదినుంచి చిన్న చెట్టుకు, చిన్న చెట్టు మీదినుంచి పెద్ద చెట్టు కొమ్మకు మెట్లు మెట్లుగా పోతుంది. మీ మామిడికీ ఆ వరసకీ మధ్య ఉన్న పొదలే దాని నిచ్చెన. ఆ మధ్య జాగా శుభ్రంగా ఉంచితే చాలా వరకు అక్కడే ఆగుతుంది.

టెర్రస్_తోట:
అన్ని తీగలూ ఒకే వైపు చుడతాయా? దక్షిణార్ధగోళంలో తిరగబడతాయని యూట్యూబులో చూశాను.

లెక్కల_మనిషి:
ఇది నాకు తెలుసు. 2007లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు అర్ధగోళాల్లోనూ కలిపి 17 చోట్ల చూశారు. చుట్టుకునే మొక్కల్లో 92 శాతం కుడిచేతి మర చుట్టే. భూమధ్యరేఖకు ఏ పక్కనున్నా అంతే. సూర్యుడికీ, భూమి తిరగడానికీ సంబంధం లేదు. తొట్టిలో నీళ్లు వదిలితే సుడి అర్ధగోళాన్ని బట్టి తిరగబడుతుందనే కథలాంటిదే ఈ యూట్యూబు కథ.

రిటైర్డ్_రేంజర్:
టీచర్ గారూ, పిల్లలను అడవిలోకి తీసుకెళ్తే ముదురు అడ్డతీగ కాండం చూపించండి. గుండ్రంగా ఉండదు. పట్టీలా బల్లపరుపుగా, అలలుగా వంపులు తిరిగి ఉంటుంది. కోతి నిచ్చెన అని మా స్టాఫ్ అనేవాళ్లు. ఎంత మెలితిప్పినా విరగదు. గొడ్డలి దెబ్బకు మామూలు చెట్టులా పగలదు, పీచులు పీచులుగా విడిపోతుంది. ఎందుకో మేడమ్ చెప్పాలి.

విజయనగరం_బోటనీ:
చెట్టు మాను అడ్డంగా కోస్తే ఒక్కటే గట్టి కొయ్య ముద్ద కనిపిస్తుంది. లియానాలో కొయ్య ముక్కలు ముక్కలుగా ఉండి, మధ్యలో మెత్తటి కణజాలం ఉంటుంది. విడివిడి పోగులు పేనిన తాడు ఎలా వంగుతుందో ఇదీ అలాగే వంగుతుంది. మెలిపడినా మెత్తటి భాగం నలుగుతుంది, నీటి గొట్టాలు తెగవు. నలిగిన మెత్తటి భాగం మళ్లీ కణాలు వేసి గాయం పూడ్చుకుంటుంది కూడా. ఆధారమిచ్చిన చెట్టు కూలిపోయినా తీగ చావకపోవడానికి కారణం ఇదే. నేల మీద పడిన కాండం వేళ్లేసుకుని, కొత్త కొసలతో ఇంకో చెట్టు ఎక్కుతుంది.

దీన్ని చూడాలంటే తిప్పతీగ ముక్కను పదునైన బ్లేడుతో అడ్డంగా కోయండి. మధ్యనుంచి అంచుకు ఆరలు పరుచుకుని చక్రం గుర్తు కనిపిస్తుంది. సంస్కృత వైద్య నిఘంటువుల్లో దానికి చక్రలక్షణ అన్న పేరు అందుకే వచ్చింది. పిల్లలకు భూతద్దం ఇస్తే చాలు, మైక్రోస్కోపు అక్కర్లేదు.

అంత సన్నటి కాండం అంత పెద్ద ఆకు గుబురుకు నీళ్లెలా అందిస్తుంది అన్నది అసలు గమ్మత్తు. చేతి మణికట్టు లావున్న తీగ మీద ఒక పెద్ద చెట్టు తలంత ఆకు ఉంటుంది. దాని దారునాళాలు, అంటే నీటి గొట్టాలు, బాగా వెడల్పు, కొన్ని జాతుల్లో వట్టి కంటికే చిల్లులు కనిపిస్తాయి. గొట్టంలో ప్రవాహం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. వెడల్పు రెట్టింపైతే నీరు 16 రెట్లు. మానుకు బలం అక్కర్లేదు కాబట్టి కొయ్యలో గొట్టాలకే ఎక్కువ చోటు.

దీనికి మూల్యం ఉంది. వెడల్పు గొట్టంలో నీరు గడ్డకట్టి కరిగితే గాలి బుడగలు పుట్టి ధార తెగిపోతుంది. మంచు పడే దేశాల్లో కొయ్య తీగలు అంత తక్కువగా ఉండటానికి ఇదొక పెద్ద కారణం. ఉష్ణమండల అడవుల్లో కొయ్య మొక్కల జాతుల్లో సుమారు నాలుగోవంతు దాకా లియానాలే.

బెట్లుడుత:
తీగ కోసి నీళ్లు తాగడం నిజమేనా? టీవీల్లో చూపిస్తారు. పాపికొండల్లో నల్లమద్ది చెట్టులోంచి నీళ్లు వచ్చిన వీడియో కూడా చూశాను.

విజయనగరం_బోటనీ:
నల్లమద్ది చెట్టు, తీగ కాదు. అది వేరే విషయం. కొన్ని తీగల్లో మాత్రం నీళ్లు నిజంగా కారతాయి. పడమటి కనుమల అడవి మనుషులకు ఇది పాత విద్యే. ఒక కిటుకు ఉంది. తీగను ముందు పైన, చేయందినంత ఎత్తులో కోయాలి, తర్వాత కింద కోయాలి. ముందు కింద కోస్తే నీరు లోపలికే పైకి లాగేసుకుంటుంది. ఆకులు పైనుంచి లాగుతున్నాయి కదా, ఆ ధార బిగువుగా ఉంటుంది. కానీ దయచేసి ఎవరూ ప్రయోగాలు చెయ్యకండి. పాలు కారే తీగ, చేదు తీగ, పేరు తెలియని తీగ ఏదీ నోట్లో పెట్టకూడదు.

జార్జియా_తెలుగు:
గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే తీగలు ఇంకా రెచ్చిపోతాయని ఇక్కడ పేపర్లో చదివాను. మా పెరట్లో పాయిజన్ ఐవీ ఉంది, ముట్టుకుంటే ఒళ్లంతా దద్దుర్లు. దాని గురించే రాశారు.

విజయనగరం_బోటనీ:
అది మీకు దగ్గర్లోనే, నార్త్ కరోలినాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం అడవిలో జరిగింది. పైన్ చెట్ల మధ్య గాలిలోకి అదనంగా కార్బన్ డయాక్సైడ్ వదిలి ఆరేళ్లు చూశారు. 2006లో ఫలితం వచ్చింది. పాయిజన్ ఐవీ పెరుగుదల రెట్టింపు కన్నా ఎక్కువైంది, దద్దుర్లు పుట్టించే నూనె ఇంకా ఘాటెక్కింది.

అమెజాన్‌లో కూడా ఇరవయ్యో శతాబ్దం చివరి రెండు దశాబ్దాల్లో పెద్ద లియానాల వాటా పెరిగిందని 2002లో చూపించారు. కానీ అన్నిచోట్లా ఇదే కథ కాదు. కాంగోలోని ఇటూరి అడవిలో అవి తగ్గాయి. కాబట్టి కార్బన్ డయాక్సైడ్ ఒక్కదాని మీదే నెట్టెయ్యలేం. చెట్లు పడి ఖాళీలు ఏర్పడటం, ఎండాకాలం పొడుగవ్వడం కూడా చూడాలి.

ఎండాకాలం సంగతి మనకు బాగా పనికొస్తుంది. వాన తక్కువై, ఎండ నెలలు ఎక్కువైన అడవుల్లో లియానాలు ఎక్కువ. చాలా చెట్లు ఆకు రాల్చి నిద్రపోయే నెలల్లో అవి ఆకుతో ఉండి ఎండను వాడుకుంటాయి. చెట్టు ఏడాదిలో సగం పనిచేస్తే, తీగ ఇంకొన్ని నెలలు ఎక్కువ పనిచేస్తుంది. తూర్పు కనుమలు సరిగ్గా అలాంటి అడవులే.

రిటైర్డ్_రేంజర్:
ఇది నేను ఒప్పుకుంటాను. నల్లమలలో ఏప్రిల్‌లో టేకు మోడైపోయి ఉంటే, పచ్చగా కనిపించేవి వాగు చెట్లూ ఈ తీగలే. దుప్పులూ కొండముచ్చులూ వాటి మీదే పడతాయి. కానీ మేడమ్, అడవి అంచున, కొట్టేసిన చోట్ల ఒక్కసారి తీగల చిక్కు పడితే అక్కడ మళ్లీ చెట్టు లేవదు. చిన్న మొక్క తల ఎత్తితే చాలు, వంచేస్తాయి. ఇరవై ఏళ్ల తర్వాత వెళ్లినా అదే చిక్కు.

విజయనగరం_బోటనీ:
నిజం. పనామాలో కూడా చెట్టు పడిన ఖాళీలు కొన్ని ఇలాగే ఏళ్లతరబడి తీగల చేతిలో ఆగిపోయాయి. అందుకే నేను "తీగ దేవత" అనట్లేదు. లోపల నిండు అడవిలో తీగను ముట్టుకోకూడదు. గొడ్డలి పడి చితికిన అంచులో, మొక్క లేవని చోట, చూసి కోయొచ్చు. మాస్టారి ఎగువ వరస ఈ రెండిటికీ మధ్యలో ఉంది.

అన్నట్టు చెట్లు కూడా చేతులు ముడుచుకుని కూర్చోవు. బెరడు పొరలు రాల్చుకునే చెట్ల మీద వేళ్లతో అతుక్కునే తీగ నిలవదు. మెక్సికోలో ఒక రకం తుమ్మ తన బోలు ముళ్లలో చీమలకు ఇల్లిచ్చి పోషిస్తుంది. ఏ తీగ కొస వచ్చి తాకినా ఆ చీమలు కొరికి పడేస్తాయి. 1960లలో చీమలను తీసేసి చూస్తే, తుమ్మ మొక్కలను పురుగులూ తీగలూ కలిసి ముంచేశాయి.

లెక్కల_మనిషి:
చీమల కూలీ బాగుంది. మాస్టారి మామిడి చెట్లకు ఎక్కడ దొరుకుతాయో చెప్పండి.

కొండవార_టీచర్:
మా మామిడికి ఎర్రచీమలు ఉన్నాయండీ, తీగను కాదు, కాయ కోసేవాళ్లను కొరుకుతాయి. 🙂

ఇంట్లో మాట్లాడుకున్నాం. ఆకు విషయంలో ఆడవాళ్ల మాటే నెగ్గింది. థర్మోకోల్ ప్లేట్లు 2022 జులై నుంచి నిషేధం కదా, అడ్డాకు విస్తరికి మళ్లీ గిరాకీ ఉందంటున్నారు. మా నాయనమ్మ అడ్డ పిక్కలు కాల్చి పెట్టేది, బెరడు నారతో తాడు పేనేవాళ్లు. మామిడి, జీడి మీద మాత్రం తీసేద్దామని. ఎగువ వరసలో ఏం చెయ్యాలో, ఎప్పుడు కొయ్యాలో చెప్పండి. ఆకు ఎక్కువ కోస్తే తీగ పాడవుతుందా అన్నది కూడా.

బెట్లుడుత:
అన్నా, కోసే ముందు ఒకసారి పైకి చూడండి. బెట్లుడుత గూడు పెద్ద ఆకుల గుండులా ఉంటుంది, కొమ్మ చివర్న. ఉంటే ఆ చెట్టు తీగ వదిలెయ్యండి.

విజయనగరం_బోటనీ:
ఆకు కోతకు తీగను నరికి కిందికి లాగే అలవాటు కొన్నిచోట్ల ఉంది, నష్టం అక్కడే జరుగుతోంది. ముదిరిన ఆకే విస్తరికి నిలుస్తుంది. లేత కొసలు, నులితీగలు ఉన్న కొమ్మలు వదిలేసి ముదురాకు మాత్రమే కోస్తే తీగకు ఇబ్బంది ఉండదు. ఒకే తీగ మీద పదే పదే పడకుండా మార్చి మార్చి కోయమనండి. పూతకొచ్చిన కొమ్మలను వదిలితే కాయ పడుతుంది. ఎండకు కాయ టప్పున పగిలి గింజలు దూరంగా ఎగిరిపడతాయి, కొత్త మొలకలు వాటినుంచే.

ఎగువ వరసలో చెట్టు తలలో సగానికి పైగా తీగ ఆకే కనిపిస్తున్న చెట్లను ముందు గుర్తు పెట్టండి. వాటి మీద ఒకటి రెండు కాండాలు తగ్గించండి, అన్నీ కాదు. చెట్టు తల కనిపిస్తూ, కొమ్మలు చివరిదాకా చిగురిస్తున్న చెట్టు మీద తీగను ముట్టుకోవద్దు. వరస దాటి పైన రిజర్వు ఫారెస్టు ఉంటే అక్కడ కత్తి పెట్టకండి.

రిటైర్డ్_రేంజర్:
కోత పద్ధతి నేను చెబుతాను. మొదలు దగ్గర ఒక గాటు, రొమ్మెత్తున ఇంకో గాటు, మధ్య ముక్క తీసి పారేయండి. ఒక్క గాటుతో వదిలితే కింది మోడు చిగురు పాత కాండాన్నే పట్టుకుని మళ్లీ పైకి పోతుంది. మోడు ఎలాగూ చిగురిస్తుంది, అడ్డతీగ అంత తేలిగ్గా చావదు. తొలి వానల తర్వాత ఒకసారి, వానాకాలం అయ్యాక ఒకసారి మామిడి మొదళ్ల దగ్గర చూసుకుని చిగుర్లు తుంచెయ్యాలి. తిప్పతీగ ఉంటే దాని సంగతి వేరు. కింద కోసినా పైన వేలాడే ముక్క దారంలాంటి వేళ్లు నేలదాకా దించి బతికేస్తుంది. దాన్ని పూర్తిగా దించి పొలం బయట వెయ్యాలి, లేదా అమ్ముకోవాలి.

పైన ఎండిన అడ్డతీగను మాత్రం లాగొద్దు. ఎండు కొమ్మలు దానితోపాటు నెత్తిన పడతాయి. ఏడాది వదిలేస్తే అదే ముక్కలై రాలుతుంది. ఆ చెట్ల కింద అప్పటిదాకా పశువులను కట్టకండి, గాలి రోజుల్లో పిల్లలను పోనివ్వకండి.

కొండవార_టీచర్:
సరే రేంజర్ గారూ. మామిడి కాపు దిగాక, వానలకు ముందు మొదలుపెడతాం. మామిడికీ వరసకీ మధ్య పరికి కంప, శీకాయ డొంక ఉన్నాయి. మేడమ్ చెప్పిన నిచ్చెన అదే అనుకుంటా. శీకాయ ఒక్కటి ఉంచి మిగతాది కొట్టొచ్చా?

విజయనగరం_బోటనీ:
శీకాయ కూడా ముళ్లతో ఎక్కేదే, మామిడి దగ్గర ఉంచితే రేపు అదే సమస్య. డొంకను ఎగువ వరస పక్కకే పరిమితం చెయ్యండి. మామిడి వైపు మనిషి నిలబడి చేయి చాచినా అందనంత జాగా ఖాళీగా ఉంటే చాలు. పరికి పండ్లకు పిట్టలొస్తాయి, దాన్ని కూడా పూర్తిగా తీసెయ్యకండి.